అవ్వ నడిచిన దారి

మా అవ్వ తన జీవితంలో చేసిన ఒకే ఒక్క దూరప్రయాణం గురించి నాకు రెండే వాక్యాలు చెప్పింది. "శివరాత్రికి సీశైలం నడ్సి పోతిమి పాపా, పదిమంది ఆడోళ్ళం." ఇది మొదటిది. "నేను గుళ్ళోకి పోల్యా, బయటే కూసుంటి." ఇది రెండోది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అంతదూరం నడిచిపోయి గుళ్ళోకి ఎందుకు పోలేదని నేను అడగలేదు. జనం ఎక్కువగా ఉండి ఉంటారనుకున్నాను. తర్వాత నేను తెలుగు యాత్రాసాహిత్యం మీదే పరిశోధన చేశాను. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మీద ఒక అధ్యాయం రాశాను. ఆయన ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి వెళ్ళాడో పట్టికలు కట్టాను. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పట్టికలు ముందేసుకుని కూర్చునేదాన్ని. పక్కనే మంచం మీద అవ్వ వత్తులు చేసుకుంటూ ఉండేది. నా ఎదురుగా ఒక యాత్రికురాలు కూర్చుని ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. 2016లో అవ్వ పోయింది. ఆ మరుసటేడు నాకు డాక్టరేట్ వచ్చింది. నా సిద్ధాంతగ్రంథంలో అవ్వ లేదు.

అందుకే 2024 శివరాత్రికి నల్లమల దారిలో నడుద్దామని ఒక స్నేహితురాలు అన్నప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. ఆ ఏడాది శివరాత్రి మార్చి 8న వచ్చింది. మహిళా దినోత్సవం సభల్లో శాలువాలు కప్పించుకునే బదులు అడవిలో నడవడం మేలని అందరం నవ్వుకున్నాం. మొత్తం ఎనిమిది మందిమి. ఒక కథారచయిత్రి, ఒక అడ్వొకేట్, ఒక నర్సు, ఇద్దరు లెక్చరర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయి, నేను. అందరికంటే చిన్నదానికి ఇరవై నాలుగు, పెద్దావిడకి యాభై ఎనిమిది. దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్ళు ముగ్గురు, లేనివాళ్ళు నలుగురు. ఏ సంగతీ తేల్చుకోనిదాన్ని నేనొక్కదాన్నే.

దారి ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో మొదలవుతుంది. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడి నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం. నలభై కిలోమీటర్లు పైనే. ఈ అడవి 1978లో అభయారణ్యం అయింది. 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. కాబట్టి మామూలు రోజుల్లో ఎవరు పడితే వాళ్ళు సంచీ తగిలించుకుని నడిచే వీల్లేదు. శివరాత్రికి, ఉగాదికి భక్తుల కోసం దారి తెరుస్తారు. అంటే ఈ అడవిలో నడవాలంటే భక్తులై ఉండాలి, లేదా భక్తుల మధ్యన కలిసిపోవాలి. మేం రెండు రకాలుగానూ వెళ్ళాం.

ఆలోచిస్తే ఆడవాళ్ళ ప్రయాణాల చరిత్రంతా ఇలాగే ఉంది. మగవాడు ఊరికే తిరిగొస్తానని వెళ్ళొచ్చు, దేశాటనం అంటారు. ఆడది గడప దాటాలంటే ఒక కారణం కావాలి. పుట్టిల్లు, పురుడు, చావు, దేవుడు. వీటిలో దేవుడొక్కడే కాస్త దూరంగా ఉంటాడు. అవ్వ ఊళ్ళోని పదిమంది ఆడవాళ్ళు అడవి చూడాలని ఉందని చెప్పి ఉంటే ఎవరూ పంపేవారు కాదు. శివరాత్రి అన్నారు, వెళ్ళారు. వాళ్ళు మొక్కు కోసమే వెళ్ళారో, మూడురోజులు పొయ్యి ముందు కూర్చోకుండా ఉండటానికి వెళ్ళారో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. రెండూ అయి ఉండొచ్చు.

మొదటిరోజు నడక తేలికగానే సాగింది. బరువు తగ్గించుకోండని అందరం అందరికీ చెప్పుకున్నాం గానీ తీరా చూస్తే నా సంచీ ఎనిమిది కిలోలుంది. దుప్పటి, రెండు జతల బట్టలు, మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చిలైటు, ఒక నోటుబుక్కు, కాశీయాత్ర చరిత్ర జిరాక్సు కాగితాలు. మా పక్కనుంచి చెప్పులు కూడా లేని ఆడవాళ్ళు నెత్తిన చిన్న మూటతో మమ్మల్ని దాటిపోతున్నారు. మూటలో జొన్నరొట్టెలు, కారప్పొడి, ఒక చీర. అందరిలో నిదానంగా నడిచేవాళ్ళు ముందుండాలని మా అడ్వొకేట్ ఒక నియమం పెట్టింది. వెనకబడ్డవాళ్ళకి సిగ్గు ఉండకూడదని ఆమె ఉద్దేశం. దానివల్ల ఎనిమిది మందిమీ మూడు రోజులూ విడిపోలేదు. ఇంత చిన్న నియమం మన సంఘాల్లో, సభల్లో ఎందుకు పెట్టుకోలేదా అనుకున్నాను.

నాగలూటిలో రాత్రి పడుకునేముందు జిరాక్సు కాగితాలు తీశాను. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. తిరుపతి, కడప, అహోబిలం చూసుకుని ఈ నల్లమలలోకి వచ్చాడు. ఆ పైన హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ. దారి పొడుగునా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి ఉత్తరాలు రాశాడు. ఆయన 1836లో చనిపోయాక శ్రీనివాసపిళ్ళె ఆ ఉత్తరాలను 1838లో పుస్తకంగా వేయించాడు. 1869లో ఒకసారి అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించి మళ్ళీ తెచ్చారు. ఆ పుస్తకం లేకపోతే 1830 నాటి తెలుగు దారులు, సత్రాలు, ధరలు, పన్నులు మనకి ఇంతగా తెలిసేవి కావు. నాకు ఆయన మీద గౌరవం ఉంది, ఇప్పటికీ ఉంది.

కానీ ఆయన ఒక్కడే వెళ్ళలేదు. పల్లకి మోసే బోయీలు, నౌకర్లు, ఇంటి ఆడవాళ్ళు, అందరూ కలిసి సుమారు నూరుమంది. పదిహేను నెలల ప్రయాణం. ఆ ఆడవాళ్ళు పదిహేను నెలల్లో ఏం చూశారు? అడవిలో ఎక్కడ స్నానం చేశారు? ఎవరికి జ్వరం వచ్చింది? ఏ ఊరు బాగుందన్నారు, ఏ ఊళ్ళో ఏడ్చారు? పుస్తకంలో వాళ్ళ గొంతు వినబడదు. బోయీల గొంతూ వినబడదు. నూరుమంది చేసిన ప్రయాణానికి ఒక్క మనిషి పేరు మిగిలింది. నా అధ్యాయంలో దీన్ని "స్త్రీల మౌనం" అని ఒక పేరాలో రాసి, చాలా పెద్ద విషయం కనిపెట్టినట్టు సంతోషపడ్డాను. మౌనం వాళ్ళది కాదు. వాళ్ళు తప్పకుండా మాట్లాడుకునే ఉంటారు. పడుకునేముందు కాళ్ళు పట్టుకుంటూ మేం ఎనిమిది మందిమి ఎంత మాట్లాడుకున్నామో విన్నాక నాకు ఆ మాట తప్పని అర్థమైంది. రాసేవాడు వినలేదు, అంతే.

రెండోరోజు దారి పొడుగు, ఎండ ఎక్కువ. పెచ్చెర్వుకి చేరేసరికి సాయంత్రమైంది. అక్కడ నీళ్ళ దగ్గర ఒక చెంచు ఆమె నా సంచీని చూసి నవ్వింది. "ఇంతెందుకు మోస్కపోతున్నవ్? దేనికి?" అని అడిగింది. నేను మందులు, బట్టలు అని ఏదో చెప్పాను. ఆమె చంకలో పిల్లాడు, ఇంకో చేతిలో నీళ్ళ బిందె. ఈ దారిలో ఎంతదూరం నడుస్తావని అడిగాను. ప్రశ్న ఆమెకి అర్థం కాలేదు. ఇది ఆమెకి దారి కాదు, వాకిలి.

అమెరికాలో 1964లో వచ్చిన అరణ్య సంరక్షణ చట్టం అడవి అంటే మనిషి అతిథిగా వచ్చిపోయే చోటు, ఉండిపోని చోటు అని నిర్వచించింది. ట్రెక్కింగు అన్న మాట వెనకాల కూడా ఈ ఊహే ఉంది. అడవి ఖాళీగా ఉంటుంది, మనం వెళ్ళి మనల్ని మనం కనుక్కుని వస్తాం. నల్లమల ఎప్పుడూ ఖాళీగా లేదు. చెంచుల మీద హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1943లోనే వచ్చింది. అంతకు శతాబ్దాల ముందు నుంచీ మన కథల్లో చెంచులక్ష్మి ఉంది, చెంచు మల్లయ్య ఉన్నాడు. దేవుడికి చెంచుల ఆడపడుచునిచ్చి పెళ్ళి చేసిన మనం, ఆ ఆడపడుచు తోబుట్టువులు ఈ అడవిలో ఉండాలా వద్దా అన్న చర్చని మాత్రం కాగితాల మీద నడుపుతున్నాం. 2006 అటవీహక్కుల చట్టం వచ్చాక కూడా ఆ చర్చ ఆగలేదు. శివరాత్రి నాలుగురోజులూ వేలమందిమి ప్లాస్టిక్ సీసాలతో నడిచిపోయే మాకు అనుమతి దొరుకుతుంది. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే ఆమె తను ఇక్కడిదాన్నేనని రుజువు చూపించాలి. "స్వేచ్ఛగా నడిచాం" అని నేను రాయబోయే ప్రతిసారీ ఆ నీళ్ళ దగ్గరి నవ్వు గుర్తొస్తుంది.

ఆ రాత్రే పెచ్చెర్వులో నాకు ముట్టయింది. తేదీ ఇంకా ఐదురోజులుంది, నడకకి ముందే వచ్చేసింది. మా నర్సు సంచీలో అన్నీ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. కానీ నమ్మకం ఉన్న ముగ్గురిలో ఒకరి ముఖం మారింది. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడానికి ఆమె పడ్డ కష్టం నాకు కనిపించింది. అడ్వొకేట్ 2018 సెప్టెంబరు 28 నాటి శబరిమల తీర్పు ఎత్తింది. ఐదుగురు జడ్జీల్లో ఒప్పుకోనిది ఒక్క మహిళా జడ్జేనని కథారచయిత్రి గుర్తు చేసింది. టార్పాలిన్ మీద కూర్చుని, బొబ్బలకి మందు రాసుకుంటూ, మాలో మేం చాలాసేపు వాదించుకున్నాం.

మా పక్కన పడుకున్న ఒక పెద్దామె ఇదంతా వింటూ ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. నంద్యాల పక్క పల్లె, మా అవ్వ ఊరికి దగ్గరే. పదిహేడేళ్ళప్పుడు అత్తతో కలిసి మొదటిసారి ఈ దారిన నడిచిందట. ఆమె లేచి కూర్చుని అంది: "దీనికింత రచ్చ యాలమ్మా? పదిమంది ఆడోళ్ళు మూడుదినాలు నడుస్తే ఒగరికన్నా కాకుండా ఉంటాదా?"

"మరి అప్పుడు ఏం చేసేవాళ్ళు?" అని అడిగాను.

"ఏం జేస్తారు, నడుస్తారు. అడివిలో ఒగతే ఎనక్కెట్ల పోతాది? గుడికాడ అందరూ లోపలికి పోతారు, అది బయట కూసుంటాది. మూటలకు కావిలి."

నేను ఇంకేమీ అడగలేకపోయాను. "నేను గుళ్ళోకి పోల్యా, బయటే కూసుంటి." ఇరవై నాలుగేళ్ళుగా నా దగ్గరున్న వాక్యం అది.

పరిశోధకురాలిగా నేను జాగ్రత్తగా ఉండాలి. మా అవ్వ ఆరోజు బహిష్టయి ఉందనడానికి నా దగ్గర ఆధారం లేదు. జనం ఎక్కువై ఉండొచ్చు, కాళ్ళు నొచ్చి ఉండొచ్చు, కూడా వచ్చిన ముసలామెకి తోడు కూర్చుని ఉండొచ్చు. కానీ పన్నెండేళ్ళ పిల్లకి ఆ మాట చెప్పి అక్కడితో ఆపడం, అడిగితే చెప్దామన్నట్టు చూడటం, ఇప్పుడు నాకు గుర్తొస్తోంది. నాకు ఆ ఏడాదే మొదటిసారి ముట్టయింది. దూరంగా కూర్చోబెట్టారని ఏడుస్తుంటే ఓదార్చడానికే అవ్వ ఈ కథ ఎత్తుకుందేమో. అంతదూరం నడిచినదాన్ని నేనే బయట కూర్చున్నాను, నువ్వెందుకు ఏడుస్తావని చెప్పడానికా? లేక, బయట కూర్చున్నా నడిచాను చూడు అని చెప్పడానికా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది. అడిగి ఉంటే తెలిసేది.

మా అవ్వ నడిచింది 1950లలో. సరిగ్గా అదే దశాబ్దంలో, 1955లో, అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే అరవై ఏడేళ్ళ ఆవిడ రెండువేల మైళ్ళు దాటిన అపలాచియన్ దారిని ఒక్కతే మొదటి నుంచి చివరిదాకా నడిచింది. పదకొండుమంది పిల్లల తల్లి. భర్త చేతిలో ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, విడాకులు తీసుకున్న మనిషి. అలా నడిచొస్తానని పిల్లలకి చెప్పి, చేత్తో కుట్టుకున్న సంచీ భుజాన వేసుకుని, మామూలు గుడ్డబూట్లతో వెళ్ళింది. దారిలో పత్రికలవాళ్ళు వచ్చి ఆమెను అడిగారు, రాశారు. అందుకే ఈరోజు ఆమె పేరు నాకు తెలుసు. ఆమెతో అవ్వను పోల్చడం నా ఉద్దేశం కాదు. ఒకామెని ఎవరో అడిగారు, ఇంకొకామెని సొంత మనవరాలు కూడా అడగలేదు. అది చెప్పడమే నా ఉద్దేశం.

మూడోరోజు భీముని కొలను. లోయలోకి దిగి, మళ్ళీ నిట్టనిలువుగా రాతిమెట్లు ఎక్కాలి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని బళ్ళో అందరం చదువుకున్నాం. అదే శతాబ్దంలో విజయనగరం రెండో హరిహరరాయల భార్య విఠలాంబ శ్రీశైలం నుంచి పాతాళగంగకి మెట్లు కట్టించింది. ఆమె పేరు ఎంతమందికి తెలుసు? తెలిసినా ఆమె రాణి కాబట్టి తెలిసింది. రాళ్ళు మోసిన ఆడకూలీల పేర్లు ఏ శాసనంలోనూ ఎక్కవు. పెద్దామె మెట్టుమెట్టుకీ పసుపు రాస్తూ ఎక్కుతోంది. మెట్టు కట్టినోళ్ళకా, దేవుడికా అని అడిగాను. "మెట్టుకే" అంది.

పైకి ఎక్కుతూ అక్కమహాదేవి గురించి మాట్లాడుకున్నాం. 12వ శతాబ్దంలో కన్నడదేశపు ఉడుతడి నుంచి కల్యాణానికి, కల్యాణం నుంచి శ్రీశైలానికి వచ్చిన మనిషి. చెన్నమల్లికార్జునుడే నా భర్త అని, మిగతా బంధాలు తెంచుకుని, బట్టలు కూడా వదిలేసి జుట్టే కప్పుకుని తిరిగిందని చెప్తారు. ఆమె వచనాలను మనం స్త్రీవాద కవిత్వానికి తల్లివేరుగా చదువుకున్నాం. సరిగానే చదువుకున్నాం. కానీ ఆమెలా ఒంటరిగా నడవాలంటే భక్తురాలు కావాలి, మహాత్మురాలు కావాలి. మామూలు మనిషికి ఆ వీలు లేదు. మామూలు ఆడవాళ్ళు గుంపుగా నడిచారు. కన్నడ ప్రాంతం నుంచి ఉగాదికి ఇప్పటికీ గుంపులుగా నడిచొస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచనీ, మల్లన్న అల్లుడనీ వాళ్ళ నమ్మకం. ఆమెకి పుట్టింటి చీర, పసుపుకుంకుమలు తెస్తారు. కూతుర్ని చూడటానికి అడవి దాటొచ్చే తల్లుల యాత్ర అది. అక్క పేరు మిగిలింది, గుంపు పేరు మిగలలేదు. నాకిప్పుడు ఆ గుంపు మీదే ఆసక్తి ఎక్కువ. గుంపు ఆడదానికి రక్షణ ఇస్తుంది, కాపలా కూడా కాస్తుంది. ముట్టయిన మనిషిని అడవిలో వదిలెయ్యదు, గుడి బయట కూర్చోబెడుతుంది. రెండూ ఒకే గుంపు చేసే పనులు.

కైలాసద్వారం దాటి సాయంత్రానికి శ్రీశైలం చేరాం. ఊరంతా జనం. రాత్రికి అందరూ దర్శనానికి లేచారు. నమ్మకం లేని నలుగురిలో ఇద్దరు కూడా చూసొస్తామన్నారు. పెచ్చెర్వులో ముఖం మార్చుకున్న స్నేహితురాలు నా దగ్గరికి వచ్చింది. "నువ్వు కూడా రా, నాకేం అభ్యంతరం లేదు" అంది. ఆ మాట అనడానికి ఆమె ఒక రోజంతా నడిచింది. నేను చెయ్యి పట్టుకుని, "ఈ రాత్రి మూటలకి కావలి నేను" అన్నాను.

పోకూడదని కాదు. మర్నాడు పొద్దున వెళ్ళాను, అది వేరే సంగతి. ఆ రాత్రి మాత్రం అవ్వ కూర్చున్న చోట కూర్చోవాలనిపించింది. ఎనిమిది సంచీలు చుట్టూ పెట్టుకుని వీధరుగు మీద కూర్చున్నాను. అటూ ఇటూ చూస్తే ఇంకా చాలామంది ఆడవాళ్ళు మూటల మధ్య కూర్చుని ఉన్నారు. కొందరు కాళ్ళు నొచ్చి, కొందరు పసిపిల్లలతో, కొందరు ఏమీ చెప్పకుండా. పాగాలంకరణ కోసం గుడి దగ్గర దీపాలు ఆర్పేశారు. గోపురాల మీదుగా నేతగుడ్డ చుట్టే ఆ సమయంలో ఎవరూ చూడకూడదంటారు. ఆ చీకట్లో మేమంతా మాటల్లో పడ్డాం. దీపాలు వెలిగాక నోటుబుక్కు తీశాను.

ఏ ఊరు? ఎంతమంది బయల్దేరారు? ఎన్నిరోజులు నడిచారు? మూటలో ఏం తెచ్చుకున్నారు? ఇంట్లో ఏమని చెప్పి వచ్చారు? తెల్లారేదాకా పద్నాలుగు మంది చెప్పారు. ఒకామె, ఇదంతా రాసుకుని ఏం చేస్తావని అడిగింది. మా అవ్వని అడగలేదు, అందుకని అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే సక్కగ రాస్కో" అని తన ఊరి పేరు మళ్ళీ ఒకసారి చెప్పింది.

తెలుగులో ఆడవాళ్ళు రాసిన యాత్రాచరిత్రలు లేకపోలేదు. 1870లలో ఇంగ్లండు చూసొచ్చి రాసిన పోతం జానకమ్మ ఉంది, నాయని కృష్ణకుమారి "కాశ్మీర దీపకళిక" ఉంది. రాయగలిగినవాళ్ళు రాశారు. రాయలేనివాళ్ళ ప్రయాణాలు వాళ్ళ నోళ్ళలోనే ఉండిపోయాయి, రోజుకొకటి పోతున్నాయి. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, అత్తలు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఎప్పుడో ఎక్కడికో నడిచే ఉంటారు. వాళ్ళు ఒకటో రెండో వాక్యాలు చెప్పి ఆగితే, దయచేసి మూడోది అడగండి.